కరెంటు పొయ్యి: మన ప్రాంతంలో దాని వాడకం, మరమ్మతుల చరిత్ర

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం గురించి రాసేవారు రామచంద్రాపురం టర్బైన్ల గురించి, ఇక్రిశాట్ పొలాల గురించి, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం గురించి, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల గురించి రాస్తారు. ఈ ఫ్యాక్టరీలలోనూ, సంగారెడ్డి ఆఫీసులలోనూ పనిచేసిన ఎందరి ఇళ్ళలోనో ఏళ్ళ తరబడి అన్నం వండిపెట్టిన కరెంటు పొయ్యి గురించి రాసిన వ్యాసం మాత్రం నా కంట పడలేదు. ఈ ప్రత్యేక సంచికలో ఆ లోటు కొంత తీర్చుదామని ఈ ప్రయత్నం.

దీనికి వేరొక కారణం కూడా ఉన్నది. మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు భార్యాభర్తలు ఇద్దరే ఉంటున్నారు. పిల్లలు దూరాన ఉండి, "గ్యాసుతో ఇబ్బంది పడకండి" అని ఇండక్షన్ పొయ్యి కొని పంపుతున్నారు. కరెంటు పొయ్యి కొత్త వేషంలో మళ్ళీ మన వంటింట్లోకి వచ్చింది. పాత పొయ్యి దగ్గర నేర్చుకున్న జాగ్రత్తలను మాత్రం మనం మరచిపోతున్నాము.

పుట్టుక

తీగెలో కరెంటు పారితే వేడి పుడుతుందని, ఆ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జేమ్స్ జౌల్ 1841లో లెక్క కట్టి చెప్పాడు. అయినా ఆ సూత్రం వంటకు పనికి రావడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. మామూలు ఇనుప తీగె ఎర్రగా కాలితే గాలి తగిలి తొందరగా తుప్పుపట్టి తెగిపోతుంది. 1905-06 ప్రాంతంలో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన నికెల్, క్రోమియం కలిపి ఒక లోహాన్ని తయారుచేశాడు. అదే నిక్రోమ్. ఎర్రగా కాలినప్పుడు దాని పైన ఒక సన్నని పొర ఏర్పడి, లోపలి లోహాన్ని గాలి నుంచి కాపాడుతుంది. ఇస్త్రీ పెట్టె, రొట్టెలు కాల్చే టోస్టరు, నీళ్ళు కాచే రాడ్డు, కరెంటు పొయ్యి అన్నీ ఆ తీగె చలవే.

అమెరికాలో నాలుగు పొయ్యిలు పైన, రొట్టెలు కాల్చే ఓవెన్ కింద ఉండే పెద్ద బీరువా వంటి దానిని 'రేంజ్' అంటారు. అది మన దేశంలో సామాన్యుల ఇళ్ళలోకి రాలేదు. మనకు వచ్చింది రేకు పెట్టె మీద పింగాణీ ప్లేటు, దాని గాళ్ళలో చుట్టలు తిరిగిన కాయిల్. దీన్నే మనం హీటరు అనీ, కరెంటు పొయ్యి అనీ అన్నాము.

మన దగ్గరికి కరెంటు రాక

నిజాం కాలంలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం ఏర్పడింది. నగరంలో దీపాలు వెలిగినా చుట్టుపక్కల ఊళ్ళకు కరెంటు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన తరువాత లైన్ల విస్తరణ ఊపందుకుంది.

1960 దశకంలో చెకొస్లొవేకియా సహకారంతో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలయింది. ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో మందుల ఫ్యాక్టరీలు, ఇనుప సామాను తయారీ ఫ్యాక్టరీలు వరుసగా లేచినాయి. ఫ్యాక్టరీల కోసం వచ్చిన లైన్ల వెంట ఊళ్ళు పెరిగినాయి. ఇళ్ళ యజమానులు వరుస గదులు కట్టి కార్మికులకు అద్దెకిచ్చారు. ఆ గదుల్లో కట్టెల పొయ్యికి పొగగూడు లేదు, కట్టెలు పెట్టుకునే చోటు లేదు.

ఎందుకు కొన్నాము?

1970, 80 దశకాలలో సంసారం చేసినవారికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. గ్యాసు కనెక్షన్‌కు పేరు రాయించుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. గ్యాసునూనె రేషను కార్డు మీద కొలిచి పోసేవారు, నెలాఖరుకు డబ్బా అడుగంటేది. పొట్టు పొయ్యిలో పొట్టు కూరడం ఒక పని, పొగ ఊదుకోవడం ఒక పని. కరెంటు పొయ్యికి అర్జీ అక్కరలేదు, క్యూ అక్కరలేదు. పొద్దున షిఫ్టుకు పోయేవారికి స్విచ్ వేస్తే టీ, అన్నం అయ్యేవి.

లోపల ఏముంది?

ఒక 2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. లైట్లకు, ఫాన్లకు వేసే 5 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు. అందుకే 15 ఆంపియర్ల పెద్ద సాకెట్, దానికి తగిన లావు తీగె కావాలి. చిన్న సాకెట్‌లో పెట్టిన ఇళ్ళలో ప్లగ్గు వేడెక్కి, బోర్డు నల్లబడి, కాలిన వాసన వచ్చేది. ఈ ప్రాంతంలో ఎన్ని అద్దె గదుల బోర్డులకు అలా మసి పట్టిందో లెక్క లేదు.

సాయంత్రం పూట పొయ్యి మందంగా మండేదని ఆడవాళ్ళు అనేవారు. అది నిజమే. వోల్టేజి తగ్గితే వేడి అంతకన్నా ఎక్కువగా, వర్గం లెక్కన తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే కాయిల్, 180 వోల్టుల దగ్గర 1,225 వాట్లు మాత్రమే ఇస్తుంది. ఊరంతా ఒకేసారి లైట్లు, మోటార్లు వేసే వేళకు అన్నం ఉడకడానికి అందుకే అంత సేపు పట్టేది.

మరమ్మతులు

ఈ పొయ్యికి వచ్చే జబ్బులు నాలుగైదే. అందుకే ఇంటింటా ఒక మరమ్మతుదారు తయారయ్యాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగానో, ఎలక్ట్రీషియన్‌గానో పనిచేసే పక్కింటాయన సెలవు రోజున స్క్రూడ్రైవరు, టెస్టరు పట్టుకొని వచ్చేవాడు. "సారూ, ముందు ప్లగ్గు పీకుండ్రి, తర్వాతనే చెయ్యి పెట్టాలె" అనేది ఆయన మొదటి మాట. మనకు కరెంటు గురించి తెలిసిన పాఠం చాలావరకు అటువంటివారు నేర్పినదే.

పాలు పొంగి, గంజి ఒలికి కాయిల్ మీద పడితే ఆ ఉప్పు, తడి కలిసి తీగెను తినేస్తాయి. అక్కడే కాయిల్ తెగుతుంది. తెగిన కొసలు రెంటినీ సాగదీసి మెలివేసి మళ్ళీ వాడడం అందరూ చేసినదే. దీనిలో ఒక చిక్కున్నది. కాయిల్‌లో పదో వంతు పోతే నిరోధం పదో వంతు తగ్గి, కరెంటు, వేడి తొమ్మిదో వంతు పెరుగుతాయి. పైగా మెలివేసిన చోట వదులుగా ఉండి అక్కడే ఎక్కువ కాలుతుంది. కనుక అతుకు వేసిన కాయిల్ తొందరలోనే మళ్ళీ తెగేది. రెండుసార్లు తెగినదాన్ని పారేసి, అదే వాట్ల కొత్త కాయిల్ వేయడమే లాభమని అనుభవం మీద తెలిసింది.

కాయిల్ కొసలు లోపలి ఇత్తడి స్క్రూల దగ్గర వదులైతే అక్కడ మిరుగులు లేచేవి. తీగెల మీద తొడిగిన పింగాణీ పూసలు పగిలిపోతే తీగె రేకుకు తగిలి పెట్టె మొత్తానికి కరెంటు వచ్చేది. ప్లేటు పగిలితే కాయిల్ గాడిలోంచి పైకి లేచి గిన్నె అడుగుకు తగిలేది. ఈ చివరి రెండూ ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు.

ప్రమాదం ఎక్కడ?

కట్టెల పొయ్యిలో నిప్పు కంటికి కనబడుతుంది. కరెంటు కనబడదు. తెరిచి ఉన్న కాయిల్ ఎర్రగా లేకపోయినా దానిలో కరెంటు ఉండవచ్చును. స్విచ్ ఫేజు తీగె మీద కాక న్యూట్రలు మీద ఉంటే, స్విచ్ తీసినా కాయిల్‌లో ఫేజు నిలిచే ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది గనుక పొయ్యికే ఉన్న స్విచ్‌ను నమ్మడానికి వీలు లేదు. అల్యూమినియం గిన్నె కాయిల్‌కు తగిలి, ఇనుప గంటెతో కలుపుతూ, తడి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడ్డ ఇల్లాలి గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అటువంటి వార్తలు ఆ రోజుల్లో పేపరులో ఒక మూలన వచ్చేవి.

1956 ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనే ఎర్తింగ్ నిబంధనలు ఉండేవి. 1981లో కేంద్ర ప్రభుత్వం గృహ విద్యుత్ పరికరాల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉండేది. బజారులో మాత్రం ముద్ర లేని రేకు పొయ్యిలు అమ్ముతూనే ఉండేవారు. ఇంకొక పాడు అలవాటు ఏమంటే, ఎర్తు గుంత తవ్వే ఖర్చుకు వెనుకాడి, సాకెట్ లోపలే న్యూట్రలును ఎర్తు పిన్నుకు కలిపేసేవారు. ఎక్కడన్నా న్యూట్రలు తెగిందంటే పొయ్యి పెట్టె మొత్తం ఫేజు అవుతుంది. రక్షణ కోసం పెట్టిన పిన్నే శత్రువవుతుంది.

పొయ్యి వెనకబడుట

గంటసేపు 2,000 వాట్ల పొయ్యి వెలిగితే రెండు యూనిట్లు. స్లాబులు పెరిగినకొద్దీ ఆ రెండు యూనిట్లు బరువైనాయి. 1999లో విద్యుత్ మండలి విడిపోయింది. 2000 సంవత్సరంలో చార్జీల పెంపుపై రాష్ట్రమంతా ఆందోళన లేచి, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినాయి. కరెంటు బిల్లు సామాన్యుడికి ఎంత పెద్ద విషయమో ఆ రోజు తెలిసింది. అదే కాలంలో, 1999లో మొదలైన దీపం పథకం ద్వారా పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు వచ్చాయి. కాయిల్ పొయ్యి మెల్లగా అటక ఎక్కింది. పూర్తిగా పోలేదు. పారిశ్రామిక వాడల చుట్టూ ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికుల గదుల్లో అది నేటికీ కనిపిస్తుంది.

ఇండక్షన్ పొయ్యి

ఇందులో పైకి కనిపించే కాయిల్ లేదు. గాజు పలక కింద రాగి చుట్ట ఉండి, చాలా వేగంగా మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దానివల్ల గిన్నె అడుగులోనే వేడి పుడుతుంది. అందుకే అయస్కాంతం అంటుకునే గిన్నెలే దీనికి పనికివస్తాయి. తెరిచిన కాయిల్ కన్నా ఇది క్షేమమే. అయితే ఇది కూడా 2,000 వాట్లదైతే తీసుకునేది అదే 8.7 ఆంపియర్లు. సాకెట్, తీగె, ఎర్తు విషయంలో పాత నియమాలన్నీ దీనికీ వర్తిస్తాయి. పాతదానికి లేని కొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. కాబట్టి దీనిని ఇంట్లో విప్పకూడదు. పక్కింటి ఫిట్టరు స్క్రూడ్రైవరుతో బాగుచేసే కాలం దీనితో చెల్లిపోయింది.

మనం పాటించవలసినవి

1. పొయ్యిని పెద్ద, మూడు పిన్నుల సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టరాదు.

2. తుడిచే ముందు, గిన్నెలో పొంగినప్పుడు, కాయిల్ పొయ్యిని ముట్టుకునే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదు.

3. ఫ్యూజు పోతే సరైన ఫ్యూజు తీగె వేయాలి. రాగి తీగె పాయలు చుట్టితే ఫ్యూజు బదులు ఇల్లు కాలుతుంది.

4. ఎర్తు ఉన్నదా లేదా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. ఎర్తు గుంత ఉంటే ఎండాకాలంలో నీళ్ళు పోయాలి. కరెంటు లీకయితే సప్లై దానంతట అదే ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టిస్తే ఇంకా మంచిది.

5. ఇండక్షన్ పొయ్యి కింద, వెనుక గాలి ఆడేటట్లు ఉంచాలి. వంట అయిన వెంటనే ప్లగ్గు తీయక, ఫాను ఆగేదాకా ఉండాలి. గాలి రంధ్రాల గుండా బొద్దింకలు దూరకుండా శుభ్రంగా పెట్టాలి. గాజు చిట్లితే వాడరాదు.

6. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు డాక్టరును అడగకుండా దాని దగ్గర నిలబడరాదు.

7. పొయ్యి పెట్టెను ముట్టుకుంటే జివ్వుమన్నదంటే "కొద్దిగానే ఉంది" అని సరిపెట్టుకోక, ఆ క్షణమే మెయిన్ ఆపాలి. లైనులో లోపమైతే విద్యుత్ సంస్థకు 1912 నంబరుకు చెప్పవచ్చును.

మన సంఘంలో విద్యుత్ శాఖలోనూ, ఫ్యాక్టరీ మెయింటెనెన్సు విభాగాలలోనూ పనిచేసి దిగినవారు ఉన్నారు. వానాకాలం మొదలయ్యే లోపల వారు ఒక పూట కేటాయించి, సభ్యుల ఇళ్ళలో సాకెట్లు, ఎర్తు చూసిపెట్టే కార్యక్రమం పెట్టుకుంటే ఎంతో మేలు. ముప్పై, నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలలో యంత్రాలను కాపాడిన చేతులకు నాలుగు వంటిళ్ళు చూడడం పెద్ద పని కాదు. కార్యవర్గం ఈ విషయం ఆలోచించవలసినదిగా నా మనవి.