పాతకాలపు కార్ల బ్యాటరీ: శీతకాల సంరక్షణ

ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని చలి ప్రాంతాల్లో పాతకాలపు కార్లను శీతకాలమంతా షెడ్డులోనే ఉంచుతారు. ఆ నెలల్లో ముందుగా దెబ్బతినేది లెడ్-యాసిడ్ బ్యాటరీ. వాడకపోయినా అది కొద్దికొద్దిగా డిశ్చార్జి అవుతుంది; కారు గడియారం కలిపి ఉంటే ఇంకా త్వరగా దిగిపోతుంది. ఛార్జి తగ్గిన ప్లేట్లపై లెడ్ సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యాన్ని శాశ్వతంగా తగ్గిస్తుంది. చలి మరో ముప్పు. నిండుగా ఛార్జైన బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో మిగిలేది చాలావరకు నీరే కనుక, సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టెను పగలగొట్టగలదు.

అందుకే నిల్వకు ముందు పూర్తిగా ఛార్జి చేయాలి. 12 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6 వోల్టులకు తగ్గకుండా చూపాలి; 12.4కు దిగితే మళ్లీ ఛార్జి పెట్టాలి. మూత తీయగల రకాల్లో ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి. వైర్లు విప్పేటప్పుడు కారు బాడీకి కలిపినదాన్నే ముందుగా తీయాలి. 1960ల వరకు వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో అది పాజిటివ్ వైరు; గుర్తు చూడకుండా చేయి పెట్టకూడదు. నెలల తరబడి కలిపి ఉంచడానికి వోల్టేజిని తానే అదుపు చేసుకునే ఛార్జరే తగినది, అదీ బ్యాటరీ 6 వోల్టులదో 12 వోల్టులదో చూసి. ఛార్జింగ్‌లో మండే స్వభావమున్న హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటే ఆ పని చేయాలి.