భూకంప నిరోధక నిర్మాణానికి నేల పరీక్ష: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్

భూకంపాన్ని తట్టుకునే భవనానికి డిజైన్ వేసేముందు, దాని కింద ఏ పొరలున్నాయో, అవి ఎంత గట్టివో తేల్చే పనే నేల పరీక్ష. బిల్డర్ల వాడుకలో సాయిల్ టెస్ట్. డాబా ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్న హైదరాబాద్‌లోని ఈ మూడు పేటలకు ఇది చాలా అవసరం.

నేల తీరు

హైదరాబాద్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద నిలిచింది. రాయి పైభాగం శిథిలమై మొరంగా మారింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీలో కలిపే నాలా అశోక్‌నగర్, నారాయణగూడల పక్కనుంచే పారుతుంది. అలాంటి నాలాల వెంట ఒండ్రు, పల్లం పూడ్చడానికి పోసిన మట్టి ఉండవచ్చు. అందుకే పక్క ప్లాటులో రాయి తగిలిందని మన ప్లాటులోనూ తగులుతుందనుకోకూడదు.

చరిత్ర

భూకంప డిజైన్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 తొలిసారి 1962లో వచ్చింది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 1983 జూన్ 30న హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్ కంపించాయి. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం వేలమందిని బలిగొంది. అప్పటి భూకంప ముప్పు పటంలో ఆ ఊరు అన్నిటికన్నా తక్కువ ముప్పున్న జోన్-1లో ఉంది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లోనూ బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. ఐఎస్ 1893కు 2002లో చేసిన సవరణలో జోన్-1ను తీసేశారు. హైదరాబాద్‌ను జోన్-2లో చూపారు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం నగరంలోనూ తెలిసింది.

పరీక్ష విధానం

బోరు రంధ్రంలో గొట్టం దించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు దిగడానికి పడిన దెబ్బలు లెక్కలోకి రావు. తర్వాతి 30 సెంటీమీటర్లకు పడిన దెబ్బల సంఖ్యే ఎన్ విలువ. స్థూలంగా 30 దాటితే గట్టి నేల, 10 నుంచి 30 మధ్యస్థం, 10 లోపు మెత్తటిది. మొరంలో దెబ్బలు త్వరత్వరగా పెరుగుతాయి. పోసిన మట్టిలో గొట్టం సులువుగా దిగిపోతుంది.

ఈ ఎన్ విలువ డిజైన్ లెక్కను మారుస్తుంది. ఒక ఊపుకు ఒక సెకను పట్టే ఎత్తైన భవనానికి, మెత్తటి నేల మీదైతే రాతి మీదకన్నా 1.67 రెట్ల భూకంప బలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పొట్టి భవనాలకు ఈ తేడా రాకపోయినా, పునాది ఎంత లోతుకు వెళ్లాలో తేలేది ఈ పరీక్షతోనే.

జోన్-2 అంటే ముప్పు తక్కువని అర్థం, లేదని కాదు. ఇల్లు కట్టేవారు, ఫ్లాటు కొనేవారు సాయిల్ రిపోర్టు అడిగి తీసుకోవాలి. అందులో ఎన్ విలువ, భూగర్భ జల మట్టం, రాయి తగిలిన లోతు ఉన్నాయో లేదో చూసుకోవాలి.