మన్యపు జ్వరము - ఇంటింటి గణితము

అనంతగిరి కనుమ నెక్కి అరకు లోయలో అడుగిడిన నేటి యాత్రికునకు కాఫీ తోటలును, వలిసెపూల పసిమియు కన్నులపండువు చేయును. మన తాతలకు మాత్రము మన్యమనగా మొదట స్ఫురించినది జ్వరము. కొండనీరు త్రాగిన జ్వరము వచ్చునని పల్లపు ప్రాంతమువారు నమ్మిరి. 1879లో రంప పితూరీ నణచ వచ్చిన బలములను సైతము ఈ జ్వరము మిక్కిలి పీడించెను.

ఆ నమ్మకమున కొంత నిజము లేకపోలేదు. దోషము నీటిలో లేదు; నీటి యంచున పుట్టు దోమలో కలదు. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడపై మలేరియా క్రిమిని గాంచెను. ఈ కథ పాఠశాల బాలురకును తెలియును. రాస్ గణితప్రియుడని మాత్రము పలువురెఱుగరు. దోమల నన్నింటిని చంపనక్కఱలేదనియు, ఒక మితమునకు దిగువగా తగ్గించినచో మలేరియా తనంత తానే అంతరించుననియు ఆయన లెక్కకట్టి, 1908లో మారిషస్ ద్వీపమును గూర్చిన నివేదికయందును, తరువాతి గ్రంథమునందును వివరించెను. వైద్యమునకు బీజగణితమేల యని పెదవి విఱిచినవారును లేకపోలేదు.

1930వ దశకమున బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్ వైట్ అరకునకు పొరుగైన జయపురము కొండలలో పరిశోధనలు సాగించెను. తూర్పు కనుమలలో ముఖ్య వాహకము ఎనాఫిలీస్ ఫ్లూవియాటిలిస్ అను దోమ. మురుగుగుంటలు దానికి గిట్టవు. మెల్లగా పాఱు తేటనీటి సెలయేటి యంచులే దాని పుట్టినిల్లు. పిమ్మట డి.డి.టి. యుగము వచ్చెను. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము, 1958లో నిర్మూలన పథకము వెలసినవి. 1965 నాటికి దేశమున రోగుల సంఖ్య లక్షకు దిగెను. 1976లో అది 64 లక్షలకు లేచెను!

ఏ ఉపాయమునకు ఎంత ఫలమో ముందుగా గణించి చూచుట ఎంత అవసరమో ఇట్టి యెదురుదెబ్బలు తెలిపినవి. స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున స్విస్ ఉష్ణమండల సంస్థ శాస్త్రజ్ఞులు కంప్యూటరులో ఒక కల్పిత గ్రామమును నిర్మించిరి. అందొక్కొక్క మనిషికిని దోమకాటు, జ్వరము, మందు, నిరోధశక్తి, మరణము - అన్నియు వేఱువేఱుగ లెక్కింపబడును. దోమతెర లిచ్చిన నేమగును, టీకా వేసిన నేమగును అని వేల తడవలు త్రిప్పి చూడవలెను. ఒక్క యంత్రమున నది మానవ జీవితకాలములో తెమలు పని కాదు.

అందులకు దారి యదివఱకే తెఱచియుండెను. 1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు ఆరెసిబో దూరదర్శిని పట్టిన రేడియో తరంగములను తునుకలు చేసి, ఇండ్లలో ఊరక యున్న కంప్యూటరులకు పంచిరి. రేడియో శ్రోతలకు దీనిని చెప్పుట సులభము: ఒక కేంద్రము నుండి వేల ఇండ్లకు ధ్వని పోవుటకు మాఱుగ, వేల ఇండ్లనుండి పని ఫలము ఒక కేంద్రమును జేరును. విద్యుత్తు ఖర్చు గృహయజమానిదే సుమా!

అయితే ఎవరో వ్రాసిన సాఫ్టువేరును మన యింటి యంత్రమున నెక్కించుకొనుట సామాన్య విశ్వాసము కాదు. అది యంత్రమును స్తంభింపజేయవచ్చును. కరెంటు పోయినచో పది గంటల పనిని మొదటినుండి చేయుమనవచ్చును. అంతకన్న గొప్ప చిక్కు మఱియొకటి కలదు. జెనీవాలోని సెర్న్ పరిశోధనాలయమువారు 2004లో తమ కణత్వరణ యంత్రమును గూర్చిన లెక్కలను ఇట్లే పంచగా, ఒకే లెక్కకు రెండు యంత్రములు రెండు సమాధానము లిచ్చెను. ఏదియు చెడిపోలేదు. లాగరితముల వంటి వానిలో చివరి అంకెను సవరించు తీరు యంత్రమునకును యంత్రమునకును భిన్నము; కణము వలయమున లక్ష తడవలు తిరుగునప్పటికి ఆ వెంట్రుకవాసి భేదము కొండంత యగును. కడకు ఫ్రాన్సులోని లియోన్ విద్వాంసులు రచించిన, ఎచ్చటనైనను ఒకే ఫలమిచ్చు గణనసామగ్రిని చేర్చినగాని తగవు తీఱలేదు. ఒకే పనిని ఇద్దఱికి పంపి ఫలములను సరిపోల్చుట ఇట్టి ప్రయత్నములలో ఆచారము.

ఈ అనుభవముతోనే 2005లో సెర్న్ వారి తోడ్పాటున మలేరియా గణితము పరీక్షకు దిగెను. 500 మంది స్వచ్ఛంద సేవకులు తమ యంత్రముల నొసగిరి. పరీక్షాకాలముననే, ఒక్క కంప్యూటరునకు 150 ఏండ్లు పట్టు పని ముగిసెను! 2006 జూలైలో ద్వారములు అందఱికిని తెఱచిరి. 2016లో ఆ పంపకము ఆగినది గాని, ఆ సాఫ్టువేరు ఎవరైనను తీసికొని పరిశీలింపదగినదై నిలిచియున్నది.

ఆ గణితమునకు ఆధారమైన లెక్కలు ముఖ్యముగా ఆఫ్రికా పల్లెలలో సేకరింపబడినవి. అచ్చటి దోమ వేఱు, మన సెలయేటి దోమ వేఱు. పోడు పంటకు కావలి కాయుచు మంచెపై రాత్రి గడపువానిని, వారపు సంతకై కొండలు దాటు కుటుంబమును అందు చేర్చవలెనన్న, ముందుగా వారి లెక్క దొరకవలెను. అరకు, పాడేరు ప్రాంతముల కొన్ని గూడెములలో ఆ లెక్క, కాలిబాటన నడచిపోయి, జ్వరపీడితుని వ్రేలినుండి ఒక రక్తపుచుక్కను తీయు ఆరోగ్య కార్యకర్త చేతిలో నున్నది.