దాదీ జేన కొలత: ఫేటియా, కాంచళి కోత వెనుక కథ



మన దుస్తుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా అద్దాలు, గవ్వలు, రంగుదారాల గురించే రాస్తారు. నేను కోత గురించి రాస్తాను. గుడ్డను ఎక్కడ చింపాలి, ఎన్ని ముక్కలు చేయాలి, ఏ ముక్కను దేనికి కలపాలి అన్నదే నా విషయం. దాని మీద నాకు ధ్యాస పుట్టింది మా హాస్టల్లో జరిగిన ఒక చిన్న గొడవ వల్ల.

ఒక శ్రావణంలో తీజ్ కోసం మా అమ్మాయిలు అద్దెకు డ్రస్సులు తెచ్చుకున్నారు. దూరం నుంచి చూస్తే అచ్చం మనవే. దగ్గరికి వెళ్తే అద్దాల బదులు ప్లాస్టిక్ బిళ్లలు, కుట్టుపని బదులు ప్రింటు. గోధుమ మొలకల బుట్టలు ఎత్తుకుని ఆడుతుంటే ముగ్గురికి చంక దగ్గర చిరిగిపోయింది. చూడవచ్చిన ఒక విద్యార్థిని దాదీ చిరుగులో వేలు పెట్టి, "చెయ్యి ఎత్తాలంటే ఇక్కడ ముక్క ఉండాలి కదా! ఇది ఎవరు కోశారు?" అంది. తను తొడుక్కున్న కాంచళి చంక కింద నాలుగు వేళ్ల వెడల్పున్న చతురస్రపు ముక్క చూపించింది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, రేఖాగణితం బోధించినదాన్ని. ఆ ముక్కను అంతకుముందు ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ గమనించలేదు.

మన పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్‌కు వచ్చారు. పదివేల ఎద్దుల బిడారులను చూశానని 17వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. అలా నడుస్తూనే ఉండే వాళ్లు దర్జీ కోసం ఎక్కడ ఆగుతారు? సూది, దారం ఆడవాళ్ల చేతిలోనే ఉండేవి. అప్పటి మగ్గం గుడ్డ పన్నా తక్కువ. అందుకే ఫేటియాను నిలువు పట్టీలుగా చింపి, పక్కపక్కన కలిపి, పైన కుచ్చులు పోసి నడుం పట్టీలోకి ఎక్కించారు. నేరుగా చింపితే నేత పోగు వెంటే చిరుగుతుంది, కత్తెరా అక్కర్లేదు, ముక్కా వృథా కాదు. కాంచళికి వీపు ఉండదు, తాళ్లే. ఒళ్లు చేసినా, బాలింత అయినా తాడు వదులు చేసుకుంటే అదే కాంచళి సరిపోతుంది. రాజస్థాన్‌లో ఇప్పటికీ ఘాఘ్రా, కాంచ్లీ వేసుకునే వాళ్లున్నారు. మన గోర్ బోలీ లాగే మన కోత కూడా ఎక్కడి నుంచి వచ్చామో చెబుతుంది.

అమెరికాలో బటరిక్ అనే దర్జీ కాగితం ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టింది 1863లో. మన దాదీలకు కాగితం లేదు. జేన, మూర, బెత్తెడు, ఇవే కొలతలు. పాత కాంచళిని కొత్త గుడ్డ మీద పరిచి గోటితో గీత గీసేవారు. అదే ప్యాటర్న్.

అది ఎందుకు పోతోంది? 19వ శతాబ్దంలో రైళ్లు వచ్చి ఎద్దుల వ్యాపారం దెబ్బతింది. 1871 నేరస్థ తెగల చట్టం వచ్చాక మనలో చాలామంది మీద దొంగల ముద్ర పడింది. ఒంటి మీది బట్ట చూస్తేనే ఎవరమో తెలిసిపోయేది. మా యాడి పత్తి ఏరడానికి పోయినచోట నవ్వారని చీరకు మారింది. ఆమెను తప్పు పట్టను. కానీ ఆమె మారేసరికి కోత నాకు చేరలేదు.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చు వేసిన సంపుటాల్లో లంబాడీ స్త్రీల వేషధారణ వర్ణన ఉంది. వర్ణన చదివి బట్ట కుట్టలేం. కర్ణాటకలోని సండూరులో మాత్రం మన ఆడవాళ్లు ఈ పనిని బతుకుతెరువుగా నిలబెట్టారు. సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2023లో హంపిలో జి20 సమావేశం సందర్భంగా 450 మందికి పైగా మహిళలు చేసిన 1,755 వస్తువులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. గొప్ప సంగతే. అయినా సంచీలు, దిండు గలీబుల మీద కుట్టు బతుకుతుంది గానీ కాంచళి కోత బతకదని నా అనుమానం.

అందుకే మా హాస్టల్లో ఒక పని మొదలుపెట్టాం. పాత కాంచళి కుట్లు విప్పం, దానికి ప్రాణం మీదికి వస్తుంది. ఒక్కో భాగాన్ని పాత న్యూస్‌పేపర్ మీద ముడత లేకుండా పరిచి, కుట్టు వెంట సూదితో పొడుస్తాం. చుక్కలు కలిపితే ముక్క ఆకారం వస్తుంది. చుట్టూ అర అంగుళం కుట్టుకు వదలాలి. నేత పోగు ఎటు ఉందో బాణం గుర్తు వేయాలి. ఇది మరిచిపోతే గుడ్డ సాగి జారుతుంది, మొదటిసారి మాకు అదే జరిగింది. ముందు పాత దుప్పటి గుడ్డతో కుట్టి, తొడిగి, చేతులెత్తి చూశాకే మంచి గుడ్డ కోయాలి. చంకముక్క, మెడ సరిపోయాక రంగులు, బొమ్మలు మీ ఇష్టం. ఒక అమ్మాయి ఫేటియాకు ఫోన్ పట్టే జేబు పెట్టింది. దాదీ చూసి నవ్వి, తన దానికీ ఒకటి పెట్టమంది.

ఇప్పటికి కాంచళి ముక్కలన్నీ కాగితం మీదికి వచ్చాయి. భుజం దగ్గరి చిన్న ముక్క మాత్రం రెండుసార్లు కోసినా కుదరలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత దాదీ మళ్లీ వస్తానంది.