కంపెనీ బుల్లెట్టు

పాత బుల్లెట్టు బేరానికి వచ్చిందంటే అమ్మేవాడి నోట మొదట వచ్చే మాట ఒకటే: "మొత్తం కంపెనీదే బాబాయ్, ఎవరూ చెయ్యి పెట్టలేదు." పొన్నూరైనా, చేబ్రోలైనా, బాపట్లైనా ఇదే పాట. నల్లరేగడి డొంకల్లో యాభై ఏళ్లు తిరిగిన బండికి ఎవరూ చెయ్యి పెట్టకపోవడం జరిగే పని కాదు. అయినా ఆ మాటకు రేటు పలుకుతోంది. కొత్తగా కొనేవాడు టాంకు మీద బంగారు గీతలు చూసి మురిసిపోతాడు. తెలిసినవాడు గొంతుక్కూర్చుని చక్రం చూస్తాడు.

చక్రంలో చూడాల్సింది చాలా ఉంది. పాత 350 బుల్లెట్టుకి ముందూ వెనకా 19 అంగుళాల రిమ్ములే, చక్రానికి 40 చువ్వలు, టైరు సైజు 3.25-19. రిమ్ము మీద మసి తుడిస్తే డబ్ల్యూఎం2-19 అన్న ముద్ర కనపడాలి. ముద్ర ఉన్నంత మాత్రాన కంపెనీ రిమ్మని కాదు, ఆ కొలత రిమ్ములు బయటా దొరుకుతాయి. ముద్ర లేకపోయినా, వెనక చక్రం 18 అంగుళాలు తేలినా మాత్రం అది ఏ కొత్త మోడల్ నుంచో ఊడి వచ్చిందని అనుమానించాలి. హబ్బు కూడా కథ చెబుతుంది. పాత బండికి ముందు బ్రేకు డ్రమ్ము చిన్నది. ఏడంగుళాల డ్రమ్ము, రెండూ లీడింగ్ షూలు తరవాతి కాలపు సరుకు. బండి ఆగడానికి అదే మంచిది, 1960ల బండికి మాత్రం అది పుట్టుకతో వచ్చింది కాదు.

చక్రమే ముందు మారిపోవడానికి కారణం మన నేల. వానాకాలం రేగడి మట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇటుకలాగా గట్టిపడితే చువ్వల మీద భారం పడుతుంది. రెండు తెగితే మిగతావి లాగుతాయి, రిమ్ము బెండు వస్తుంది. షెడ్డులో బెండు తీయిస్తే కొన్నాళ్లు నడుస్తుంది. ఆ తరవాత క్రోమ్ లేచి తుప్పు పడుతుంది, చివరికి మెకానిక్కు "ఎన్నిసార్లు తీయిస్తావ్, కొత్తది వేయించేయ్" అంటాడు. పాత రిమ్ము పాత ఇనుము వాడి బండెక్కుతుంది. ముప్ఫయ్యేళ్ల కిందట దాన్ని దాచమని చెప్పిన మనిషి లేడు, చెప్పినా వినే మనిషీ లేడు.

ఇంతకీ ఆ కంపెనీ ఏది? ఇంగ్లండులోని రెడిచ్ పట్నంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు బుల్లెట్ అన్న పేరును 1932లో పెట్టారు. మనం గుర్తుపట్టే బుల్లెట్టు, అంటే వెనక స్వింగ్ ఆర్మూ షాకబ్జార్లూ ఉన్నది, 1949లో అమ్మకానికి వచ్చింది. 1950ల తొలినాళ్లలో మన సైన్యం సరిహద్దు గస్తీకి ఆ 350 సీసీ బండ్లే ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, మరుసటి ఏడాది తిరువొత్తియూరులో విడిభాగాలు దిగుమతి చేసుకుని బిగించడం మొదలైంది. 1960ల మొదట్లో భాగాలన్నీ ఇక్కడే తయారయ్యే స్థితికి వచ్చారు. అప్పటికి మద్రాసు మన రాజధాని కాదు, 1953లోనే ఆంధ్ర విడిపోయింది. అయినా పొన్నూరు వాడికి మద్రాసు దూరం కాలేదు. పక్కనే నిడుబ్రోలు స్టేషను, బెజవాడ నుంచి మద్రాసు పోయే లైను మీదే ఉంది. సామాను కావాలంటే ఇటు బెజవాడ ఆటోనగర్, అటు మద్రాసు పుదుపేట.

తిరువొత్తియూరులో ఒక చిత్రం జరిగింది. ఇంగ్లండులో ఏటా మోడళ్లు మారుతూ పోతే ఇక్కడ 1955 నాటి అచ్చు దశాబ్దాల పాటు దాదాపు అలాగే నిలిచింది. సిలిండరు కొలత 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ. ఇనప సిలిండరు, ఆల్బియన్ తరహా నాలుగు గేర్ల పెట్టె, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. హెడ్‌లైటు పైన పులికళ్లలాంటి రెండు చిన్న దీపాలు, అక్కడే ఆమ్మీటరు. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1970 దాటాక ఇంగ్లండులో ఆ పేరుతో బండి చేసేవాళ్లే లేరు. 1977లో మద్రాసు బండ్లు ఇంగ్లండుకు ఎగుమతి కావడం మొదలైంది. అక్కడ రెడిచ్ బుల్లెట్టు ఉంచుకున్నవాడికి చాలా సామాను తిరువొత్తియూరు నుంచే దొరికింది. ఇక ఒరిజినల్ ఎవరిది, నకలు ఎవరిదో తేల్చమంటే నేను మద్రాసు వైపే మొగ్గుతాను. మన రోడ్ల మీద తిరిగిన బుల్లెట్టు అక్కడ పుట్టిందే.

అచ్చు మారలేదంటే ఏమీ మారలేదని కాదు, అక్కడే కొనేవాళ్లు బోల్తా పడతారు. ఆమల్ కార్బురేటరు ఒక కాలానిది, మిక్‌కార్బ్ తరవాతి కాలానిది. రెండూ కంపెనీ బిగించినవే, కానీ ఏ ఏడాది బండికి ఏది అన్నది ముఖ్యం. 1968 బండి మీద మెరిసిపోయే మిక్‌కార్బ్ కనపడితే బాగుందనుకోవచ్చు, పాతదనుకోకూడదు. ఆరు వోల్టుల లైట్లు పన్నెండుకు మారిన సంగతీ అంతే. గేరు ఎడమకాలికి వచ్చింది 2000 తరవాతి ముచ్చట. ఇనప ఇంజను వదిలేసి ఇంజనూ గేరుపెట్టె ఒకే కేసులో ఉన్న కొత్త ఇంజను బుల్లెట్టు దాకా వచ్చేసరికి 2010 అయింది.

నాకు అన్నిటికంటే నమ్మకమైన సాక్షి నట్టు. బ్రిటిషు వాళ్లు వాడిన సైకిల్ త్రెడ్డూ, బీఎస్‌ఎఫ్ త్రెడ్డూ పాత బుల్లెట్టులో చాలాచోట్ల అలాగే కొనసాగాయి. వాటికి మెట్రిక్ పానా సరిగ్గా కూర్చోదు, కొంచెం వదులుగా ఉండి మూలలు అరగదీస్తుంది. ముసలి మెకానిక్కుల పెట్టెలో అందుకే రెండు సెట్ల పానాలుంటాయి. ఫుట్‌రెస్టు దగ్గరో ఇంజను ప్లేట్ల దగ్గరో 13 నంబరు పానా చక్కగా పట్టిందంటే ఆ బోల్టు బజారులో కొన్నది. దాన్ని తప్పు పట్టను. పొలం నుంచి ఇంటికి చేరాలిగా. కానీ "చెయ్యి పెట్టలేదు" అన్న మాట అక్కడితో సరి.

ఇక నంబర్లు. ఫ్రేము నంబరు హ్యాండిలు మెడ దగ్గర, ఇంజను నంబరు సిలిండరు కింద క్రాంక్‌కేసు మీద. బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరకో ఇన్సూరెన్సుకో పోయిన ప్రతివాడికీ పెన్సిలు ముద్ర తెలుసు. పల్చటి కాగితం నంబరు మీద వేసి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు తెల్లగా లేస్తాయి. కొనేటప్పుడు కూడా ఇదే చెయ్యాలి. కంటికి కనపడనిది కాగితం మీద పడుతుంది. గ్రైండరు పెట్టి పాత అంకె చెరిపితే అడ్డగీతలు వస్తాయి, ఒక అంకె మాత్రమే లోతుగా దిగితే అది వేరే చేతి దెబ్బ. అంకెలు కాస్త వంకరగా ఉండటం తప్పు కాదు. పంచితో కొట్టినవి ముత్యాల్లా ఉంటే ఆశ్చర్యపోవాలి. కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం చదవాలి. దేశమంతా పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించిన రోజులున్నాయి. కంపెనీ తానే 325 సీసీ డీజిలు బుల్లెట్టు అమ్మింది, ఆరున్నర హార్స్‌పవరే అయినా మైలేజీ కోసం జనం ఎగబడ్డారు. అలాంటి బండికి మళ్లీ పెట్రోలు ఇంజను సంపాదించి బిగిస్తే చూడ్డానికి నిక్షేపం, నంబరు దగ్గర దొరికిపోతుంది.

స్టార్టు చేసి చూడటం ఆఖరి పరీక్ష. తాళం తిప్పి కిక్కును నెమ్మదిగా నొక్కుతుంటే ఆమ్మీటరు ముల్లు ఎడమకు వాలి, పాయింట్లు విడిపోగానే మధ్యకు వస్తుంది. అప్పుడు డీకంప్రెసర్ పట్టి పిస్టను కొంచెం దాటించి, వదిలి, ఒక్క కిక్కు. ముల్లు కదలకపోతే వైరింగు ఎవరో సొంత తెలివితో మార్చారేమోనని అనుమానించాలి.

ఈ వెతుకులాటను శాస్త్రంలా చేసినవాళ్లు అమెరికావాళ్లు. 1964లో పాంటియాక్ జీటీఓ వచ్చాక పెద్ద ఇంజన్ల మజిల్ కార్ల మోజు పెరిగింది. 1968 మోడళ్ల నుంచి ఇంజను మీద కారు నంబరులో కొంత భాగం కొట్టడం మొదలయ్యాక, ఇంజనూ కారూ ఒక తల్లి బిడ్డలా కాదా అన్నది తేల్చడం సులువైంది. చక్రాల మీద కూడా కోడు అక్షరాలూ తయారీ తేదీలూ ఉంటాయి. కారు తయారైన తేదీ కంటే చక్రం తేదీ తరవాతిదైతే దొంగ దొరికినట్టే. క్రైస్లర్ కార్లలో బిగింపు కాగితం వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని దశాబ్దాల తరవాత బయటపడిన సందర్భాలు ఎన్నో. స్పేరు చక్రం డిక్కీలోంచి కదలకుండా ఉంటే దాని తేదీనే మిగతా నాలుగింటికీ సాక్ష్యం. మన బుల్లెట్టుకి స్పేరు చక్రం లేదు, ఆ భాగ్యం లేదు.

మన ప్రభుత్వం ఈ లెక్కలోకి 2021లో వచ్చింది. పెళ్లి ఊరేగింపుల్లో బుల్లెట్టు బండి పాట మోగిపోయిన ఏడాది జులైలోనే వింటేజ్ వాహనాల నిబంధనలు వెలువడ్డాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండి అర్హం. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తరవాత రెన్యువల్‌కు 5,000. రాష్ట్రం కోడు పక్కన వీఏ అన్న అక్షరాలుంటాయి. నిబంధన పేరుపెట్టి చెప్పిన మూడింటిలో చక్రం లేదు. అంటే సర్కారు పరీక్షలో రిమ్ము మారినా ముఖ్యమైనవి నిలిస్తే పనవుతుంది. రిమ్ము దగ్గర బేరం కుదరకపోయేది ఔత్సాహికుల మధ్యే.

వీఏ నంబరుకు ఇంకో షరతుంది. ఆ బండి మీద రోజువారీ తిరగకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు, ఇలాంటి పనులకే బయటకు తీయాలి. పొద్దున్నే నిడుబ్రోలులో టీ తాగి గుంటూరు మిర్చి యార్డుకు పోయే మనిషికి అది పనికిరాదు. అలాంటివాడు మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం మేలు. రంగు మార్చినా, ఇంజను మార్చినా ఆర్సీలో రాయించాలి. ఆర్సీలో రాసిన వివరాలకూ కంపెనీ లెక్కకూ పొంతన లేకుండా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు గట్టిగానే చెప్పింది.