నిత్యం, వైకల్పికం, బహుళం: యంత్రానికి వ్యాకరణం చెప్పడం

పాల్కురికి సోమనాథుడిది నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. సంస్కృత వృత్తాల ప్రౌఢకవిత్వం సామాన్య జనానికి అందదని తలచి ఆయన దేశి ఛందస్సైన ద్విపదను చేపట్టాడు. చదివేవాడెవరో తేల్చుకొన్న తరువాతే గంటం పట్టిన కవి. ఈనాడు మన పాఠకులలో ఒక కొత్తవాడు చేరాడు. వాడిపేరు ఏఐ ఏజెంటు. ప్రోగ్రాములు వ్రాసేవారు తమ ఉపకరణాల వివరణలను ఇప్పుడు వాడికోసం కూడా వ్రాయవలసి వస్తున్నది.

మొదట కోడ్ జనరేటర్ అంటే ఏమిటో చెప్పాలి. నియమాలు మనం ఇస్తే, వాటినుండి ప్రోగ్రామును తానే వ్రాసిపెట్టే ఉపకరణం అది. బ్లాగ్మిత్రులకు తెలిసిన పోలిక లేఖిని. చిన్న 'ఎన్' నొక్కితే న, పెద్ద 'ఎన్' నొక్కితే ణ. ఆ పక్కనున్న అక్షరపట్టికే దాని వివరణ. పట్టిక సరిగా లేకుంటే లేఖిని ఎంత బాగా పనిచేసినా మనం 'బాణం' వ్రాయబోయి 'బానం' వ్రాసి ఉండేవాళ్ళం.

ఈ ఉపకరణాల చరిత్రలో తెలుగు పండితునికి మిక్కిలి నచ్చేది యాక్. 1975లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన స్టీఫెన్ జాన్సన్ దీనిని వివరిస్తూ ఒక నివేదిక వెలువరించాడు. ఒక భాషకు వ్యాకరణం వ్రాసి ఇస్తే, ఆ భాషలోని వాక్యాలను విడదీసి గుర్తించే సీ ప్రోగ్రామును ఇది పుట్టిస్తుంది. ఒకే చోట రెండు సూత్రాలు వర్తించబోతే? జాన్సన్ ఆ ప్రశ్నను దాటవేయలేదు. అటువంటి పోటీలో ముందు వ్రాసిన సూత్రమే చెల్లుతుందని వివరణలోనే స్పష్టం చేశాడు. వ్యాకరణశాస్త్రంలో దీనిపేరు విప్రతిషేధం. తుల్యబలం గల రెండు సూత్రాలు తలపడితే పరసూత్రమే చెల్లుతుందని పాణిని నిర్ణయం. ఒకరిది పూర్వం, ఒకరిది పరం. ఏది ఎన్నుకొన్నా చెల్లుతుంది కాని, ఎన్నుకొన్నదేదో పాఠకునికి తెలియాలి.

ఇటీవల 2024లో జెరెమీ హోవార్డ్ ఎల్‌ఎల్‌ఎమ్స్.టెక్స్ట్ అనే పద్ధతిని ప్రతిపాదించాడు. 2025లో ఏజెంట్స్.ఎండీ అనే ఫైలు వాడుకలోకి వచ్చింది. ఆ ఫైళ్ళు ఒకటికి మించి ఉంటే, మార్చబోయే ఫైలుకు దగ్గరగా ఉన్నదే చెల్లుతుంది. వాడుకరి నేరుగా చెప్పిన మాట అన్నింటినీ మించుతుంది. విప్రతిషేధం మళ్ళీ ఎదురైంది చూశారా!

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. దాని కూర్పు గమనించండి. మొదటిది సంజ్ఞాపరిచ్ఛేదం. కళలు, ద్రుతప్రకృతికాలు అంటే ఏవో చెప్పిన తరువాతే సంధికి వస్తాడు. సూత్రం, వృత్తి, ఉదాహరణం అనే క్రమం పాటిస్తాడు. ఏజెంటు కోసం వ్రాసేవారికి ఇంతకన్న మంచి నమూనా నాకు కనబడలేదు.

సంధికార్యానికి సూరి బలాబలాలు కూడా చెప్పాడు. ఉత్వసంధి నిత్యం: రాముడు + అతడు = రాముడతడు. ఏమ్యాదుల ఇత్తుకు వైకల్పికం: ఏమంటివి, ఏమియంటివి రెండూ సాధువులే. ఇంటర్నెట్ ప్రమాణాలు వ్రాసేవారు 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2119 పేరిట ఇదే పని చేశారు. తప్పక చేయాలి, చేయరాదు, చేయవచ్చు అనే మాటలకు కచ్చితమైన అర్థాలు నిర్ణయించారు.

చిక్కంతా బహుళంతోనే. అత్వసంధి బహుళమని సూరి అన్నాడు. మేనల్లుడు, మేనయల్లుడు రెండూ అవుతాయి. అమ్మయిచ్చెను అన్నచోట సంధి రాదు. ఒక + ఒక కలిస్తే ఒకానొక అనే వేరు రూపం వస్తుంది. బడిలో విద్యార్థికి ఈ సందేహం కలిగితే చేయెత్తి అడుగుతాడు. ఏజెంటు తరచుగా అడగదు. ఊహించి ముందుకు సాగిపోతుంది, తప్పును కూడా ధైర్యంగానే వ్రాస్తుంది. కనుక "సాధారణంగా", "అవసరాన్ని బట్టి" అనే మాటలు వ్రాసినచోట ఏ సాధారణం, ఏ అవసరం అనేది ఉదాహరణతో చెప్పడం తప్పనిసరి.

అనువృత్తి మరొక ప్రమాదం. పై సూత్రంలోని పదం కింది సూత్రాలకు వచ్చి చేరుతుందని మనం నేర్చుకొన్నాం. గ్రంథమంతా కంఠస్థం చేసినవానికి అది సులభమే. ఏజెంటు మాత్రం పెద్ద వివరణలో ఒక ముక్కనే వెదకి తీసుకోవచ్చు. ఆ ముక్కలో పై షరతు లేకుంటే అర్థం తలక్రిందులవుతుంది. ప్రతి భాగమూ తన కాళ్ళపై తాను నిలవాలి. సంక్షేపం మంచిదే, అది అధ్యాహారంగా మారనంతవరకు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఇంకొకటి. జనరేటర్ పుట్టించిన ఫైలును చేతితో దిద్దితే, మరుసటిసారి జనరేటర్ నడిచినప్పుడు ఆ దిద్దుబాటంతా తుడిచిపెట్టుకొని పోతుంది. మార్చవలసింది మూలాన్ని. గో భాషలో ఇందుకొక సంప్రదాయం ఉన్నది. ఇది యంత్రం వ్రాసినది, దిద్దవద్దు అనే పంక్తి అటువంటి ఫైలులో ఉంటుంది. మహబూబాబాద్ జిల్లాలోని కురవి ప్రాచీన తెలుగు గద్య శాసనానికి ప్రసిద్ధం. మన దానశాసనాలలో ధర్మాన్ని చెరిపినవానికి కలిగే పాపం చివర చెక్కించడం ఆచారం. ఏజెంటుకు పాపభీతి లేదు కనుక, "దిద్దవద్దు" అన్న మాట పక్కనే ఏ మూలఫైలును మార్చాలో, తరువాత ఏ ఆదేశం నడపాలో, పని నెరవేరిందని ఎలా తెలుసుకోవాలో కూడా వ్రాయాలి. నిషేధం ఒక్కటే చెప్పి దారి చూపకుంటే అది మరొక తప్పుదారి వెదుక్కొంటుంది.

ఏ వివరణా ఒక్కసారితో ముగియదు. సూరి వదిలినవాటిని బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణంలో పూరించారు. దానికి త్రిలింగలక్షణశేషమని మరొక పేరు. ఆ త్రిలింగాలలో ఒకటిగా చెప్పే కాళేశ్వరం నేటి భూపాలపల్లి జిల్లాలోనే ఉన్నది. 'శేషం' అన్న ఆ మాటలో ఎంత వినయమున్నదో! ఉపకరణం మారినప్పుడల్లా దాని వివరణకూ ఒక శేషం వ్రాయాలి. పాతబడిన వివరణను మనిషి అనుమానిస్తాడు, యంత్రం నమ్ముతుంది.

మీలో సాఫ్ట్‌వేరు రంగంలో ఉన్నవారు చాలామంది. మీ ఉపకరణాల వివరణలను ఒకసారి తెరచి, ఏది నిత్యమో, ఏది వైకల్పికమో, ఎక్కడ బహుళం దాగి ఉన్నదో గుర్తుపెట్టి చూడండి. సంధులు చెప్పిన పంతులు మాట ఇన్నాళ్ళకు పనికివస్తే నాకూ సంతోషమే.