ఆపే మీట ఎవరి చేతిలో ఉంది?

తిరువూరు విజయవాడకు 70 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఖమ్మం జిల్లా పొలిమేరకు కూతవేటు. రైలు లేని ఊరు. ఏం రావాలన్నా జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు మీదే రావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఇది నైజాం సరిహద్దు. 2014 తర్వాత మళ్లీ రాష్ట్ర సరిహద్దు అయింది. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. ఇలాంటి ఊళ్లో బడికి చేరిన యంత్రాలేవీ అక్కడి ఉపాధ్యాయులు అడిగితే వచ్చినవి కావు. మద్రాసులోనో, ఢిల్లీలోనో, హైదరాబాదులోనో, అమరావతిలోనో ఎవరో నిర్ణయిస్తే వచ్చాయి. అలా వచ్చినవాటిలో కొన్ని నిలిచాయి, ఎక్కువ భాగం అటకెక్కాయి. నిలవనిదాన్ని చూసి పంతుళ్లకు కొత్తదనం గిట్టదని అధికారులు అంటారు. సర్కారు సరుకు అంతేనని పంతుళ్లు అంటారు. రెండూ అరకొర మాటలే. బడి సామగ్రి రెండు వందల ఏళ్ల చరిత్రను వరుసగా చూస్తే వేరే సంగతి తేలుతుంది. పాఠం ఎక్కడ ఆపాలో, ఎక్కడ మళ్లీ చెప్పాలో, ఏది చెరిపి తిరగరాయాలో నిర్ణయించే అధికారం తరగతి గదిలో ఉన్నవాళ్లకు వదిలిన పరికరం బతికింది. ఆ అధికారాన్ని గది బయటికి తీసుకెళ్లిన పరికరం ఎంత ఖరీదైనదైనా మూలన పడింది.

మొదట వీధిబడి సంగతి. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో లెక్క తేల్చమని కలెక్టర్లను ఆదేశించాడు. మరుసటి ఏడాది ఆగస్టులో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు వాటన్నిటిలోకీ వివరమైనది. ఆ జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగు బడులు. పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం, తక్కువ ఖర్చుతో చదువు సాగడం ఆయన మెచ్చుకుంటూ రాశాడు. ఇంగ్లండులో దీన్ని అనుకరించడం సబబేనని కూడా అన్నాడు. అప్పటికే అక్కడ అనుకరణ మొదలైపోయింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో ఇసుక పళ్లేలు పెట్టించాడు, పిల్లలచేత పిల్లలకు చెప్పించాడు, 1797లో లండన్‌లో దానిమీద పుస్తకం అచ్చేశాడు. అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు బడుల్లో వ్యాపించింది. బోధన సాంకేతికత పడమటి నుంచే వస్తుందనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన ముచ్చట ఇది.

ఇసుక తర్వాత పలక. ప్రకాశం జిల్లా మార్కాపురం కొండల రాతిపలకలు తెలుగు నాట బడి సంచుల్లోకి చేరాయి. వాటితోపాటు కర్రపలకలూ ఉండేవి. కర్రపలక నలుపు తగ్గితే వంటింటి బొగ్గూ దొండాకూ కలిపి నూరి రుద్ది, ఎండలో ఆరబెట్టేవాళ్లు. ఏడేళ్ల పిల్ల తన పరికరాన్ని తానే బాగుచేసుకోగలిగింది. గుంట ఓనమాలు దిద్దేటప్పుడు చేయి తప్పితే ఒక తుడుపుతో తప్పు మాయమవుతుంది. గుణింతంలో ఏత్వం దగ్గర తడబడ్డ పిల్లాడు ఆ ఒక్క అక్షరాన్నే పాతికసార్లు రాయొచ్చు. పక్కవాడు పొల్లు దాకా వెళ్లిపోయినా ఇతణ్ని ఎవరూ లాక్కెళ్లరు. పలక మీది తప్పుకు రికార్డు ఉండదు. నా దృష్టిలో ఆ ఒక్క గుణమే దాన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది.

వీధిబడిని బంగారు యుగంగా చూపిస్తున్నావనే అభ్యంతరం ఇక్కడ న్యాయంగానే వస్తుంది. క్యాంప్‌బెల్ నివేదికలోనే దానికి ఆధారం ఉంది. పిల్లలు వాడుకభాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని ఆయన నొచ్చుకున్నాడు. ఆ బడుల్లో ఆడపిల్లలు నామమాత్రం. అంటరానివారిగా ముద్రపడ్డవారి పిల్లలకు చాలాచోట్ల గడప దాటే వీలే లేదు. కాబట్టి పరికరం మంచిదైతే చదువు మంచిదవుతుందని నేను అనడం లేదు. ఎవరిని రానివ్వాలి, ఏం చెప్పాలి అన్నవి సమాజం తేల్చుకోవాల్సిన ప్రశ్నలు. పలక వాటికి జవాబివ్వలేదు, ట్యాబ్ కూడా ఇవ్వదు. నేను చెప్పేది ఇంతకంటే చిన్న సంగతి: బడి గడప లోపలికి అడుగు పెట్టిన పిల్లకు ఏ పరికరం అక్కరకొచ్చింది, ఏది రాలేదు అన్నది. ఇంగ్లీషు తరహా బడులతో వచ్చిన నల్లబల్ల కూడా పలకకు పెద్దన్నలాంటిదే కాబట్టి ఇట్టే కలిసిపోయింది. అది కూడా అన్ని బడులకూ చేరలేదు. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక 1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ పేరుతో ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు ఇవ్వాలని పథకం పెట్టాల్సి వచ్చింది. అప్పటికి మన దేశం ఉపగ్రహం ద్వారా పల్లెబడులకు టీవీ పాఠాలు చూపించి పుష్కర కాలం అవుతోంది. ఈ తలకిందుల వరుసకు ఏ శాఖా సంజాయిషీ ఇవ్వలేదు.

రేడియో మొదటి పరీక్ష. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. ఆకాశవాణి బడిపిల్లలకు పాఠాలు ప్రసారం చేయడం దాదాపు మొదటినుంచీ ఉంది. గొంతులు మంచివి, ఉచ్చారణ మంచిది. కానీ ప్రసార సమయానికి బడి గంట కుదరాలి, ఆ రోజు ఆ పాఠమే నడుస్తూ ఉండాలి, కరెంటో బ్యాటరీయో ఉండాలి. ‘సార్, ఇంకోసారి’ అని పిల్లాడు అడిగితే రేడియో వినదు. లాటిన్ అమెరికాలోని నికరాగ్వాలో 1970ల మధ్యలో లెక్కల పాఠాలకు దీనికొక విరుగుడు కనిపెట్టారు. ప్రశ్న అడిగాక రేడియో కొన్ని క్షణాలు ఊరుకుంటుంది, పిల్లలు గట్టిగా జవాబు చెబుతారు, తర్వాత సరైన జవాబు వినిపిస్తుంది. ఆ పిల్లలు లెక్కల్లో బాగా ముందుకెళ్లారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘విందాం నేర్చుకుందాం’ ఈ దారిలోనే చిన్న తరగతుల పిల్లల చేత పాడించింది, ఆడించింది, బదులు చెప్పించింది. రేడియో ఊరుకున్న ఆ కాసేపు అధికారం పిల్లల వైపు వచ్చింది. రేడియో పాఠాల్లో మెచ్చుకోదగ్గది నాకు అక్కడే కనిపిస్తుంది.

టీవీ అంతకంటే ఘనంగా వచ్చింది. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు నడిచిన ‘సైట్’ ప్రయోగం అప్పట్లో ప్రపంచమంతా చూసిన విషయం. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు నేరుగా ప్రసారాలు అందాయి. కోళ్లగూటికి కట్టేలాంటి జాలీతో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, దాని పక్కన ఒక టీవీ. పొద్దున్నే ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు బడి కార్యక్రమం వచ్చేది. ఇంజినీరింగ్‌గా అది అద్భుతమే, ఇస్రోకు అది పెద్ద బడి అయింది. పిల్లల సంగతికి వస్తే మదింపులు ఇంకోమాట చెప్పాయి: భాషలో, కొత్త విషయాలు అడిగి తెలుసుకునే ఆసక్తిలో మెరుగు కనిపించింది, పాఠ్యాంశాల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత ఇన్సాట్ వచ్చింది, హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ తెలుగు పాఠాలు తీసింది, బడులకు కలర్ టీవీలు, క్యాసెట్ ప్లేయర్లు ఇచ్చే కేంద్ర పథకం నడిచింది. అమెరికాలో సినిమా, రేడియో, టీవీ బడుల్లోకి వచ్చిన తీరును తవ్వి తీసిన చరిత్రకారుడు ల్యారీ క్యూబన్ 1986లో తేల్చింది కూడా ఇదే. టీచర్లు వాటిని అరుదుగా వాడారు. మొండితనంతో కాదు, నలభైమంది పిల్లలున్న గదిలో తమ సమస్యకు అవి జవాబు కానందున. తిరువూరుకు, ఓహియోకు మధ్య ఈ ఒక్క విషయంలో పెద్ద తేడా లేదు.

ఆ రోజుల్లోనే యంత్రం ఊసు లేకుండా మరో పని జరిగింది. దాన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు. బ్రిటిష్ సాయంతో 1983లో ప్రయోగంగా మొదలై 1996 దాకా సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, టీచర్ల చేతిలో ఆరు సూత్రాలు పెట్టింది: పని చేస్తూ నేర్చుకోవడం, జట్లుగానూ విడిగానూ చేయించడం, పిల్లల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, అలాంటివి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రాలు వెలిశాయి. చింతగింజలతో కూడికలు, అట్టముక్కలతో గుణింతాలు, పుల్లల కట్టలతో పదులూ వందలూ. ఆ సామాను పాడైతే మళ్లీ చేసుకోవచ్చు, పాఠం మారితే సామాను మార్చొచ్చు. ‘టీఎల్ఎం’ (బోధనాభ్యసన సామగ్రి) అన్న మాట స్టాఫ్‌రూములో నిత్యవ్యవహారమైంది ఆ తరంలోనే.

2004 సెప్టెంబరులో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం పైకి వెళ్లింది. ప్రభుత్వ ఛానెల్ ‘మన టీవీ’లో పాఠాలు వచ్చాయి. సరిహద్దు అవతల తెలంగాణలో అదే తర్వాత టీ-శాట్ అయింది. 2020లో కరోనాతో బడులు మూతపడితే పదో తరగతికి ‘విద్యామృతం’, మిగతా తరగతులకు ‘విద్యావారధి’ దూరదర్శన్ సప్తగిరిలో ప్రసారమయ్యాయి. బడే లేనప్పుడు ఏకపక్ష పాఠమైనా మేలే, దాన్ని తప్పుపట్టను. అసలు చిక్కు బడులు తెరిచాక వచ్చిన సామానుతో. బడులను బాగుచేసే నాడు-నేడు పనుల కింద గదుల్లోకి వచ్చిన ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ చూడటానికి విదేశీ వస్తువు గానీ నిజానికి నల్లబల్లే: వేలితో రాయొచ్చు, చెరపొచ్చు, బొమ్మను ఆపి ప్రశ్న వేయొచ్చు. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం జీవశాస్త్రం టీచరు ఎంత బాగా గీసినా బల్లమీద కదలదు, ప్యానెల్‌లో కదులుతుంది, కావాల్సిన చోట ఆగుతుంది. వచ్చినవాటిలో నాకు మనసొప్పింది అదే. ట్యాబ్ కథ వేరు. 2022 డిసెంబరు 21 నుంచి రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబులు, వాటిలో బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. పాఠం బయట తయారైంది, బయటే ముద్ర పడింది. టీచరు దానిలో ఒక ఉదాహరణ మార్చలేడు, తిరువూరు మామిడితోటల లెక్క ఒకటి చేర్చలేడు. 2024 జూలైలో ఆ పాఠాల కంపెనీ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠ్యపుస్తకం అచ్చేసిన ప్రెస్సు మూతపడితే పుస్తకానికి ఏమీ కాదు. ట్యాబ్‌లోని పాఠానికి ఆ భరోసా లేదు. పైగా అదే కాలంలో టీచర్ల సొంత ఫోన్లలోకి ముఖం చూపి హాజరు వేసే యాప్, మరుగుదొడ్ల ఫొటోలు పంపే యాప్ వచ్చాయి. సాంకేతికత టీచరుకు ముందు నిఘాగా పరిచయమై, తర్వాత సాధనంగా రమ్మంటే ఎవరు మనసారా పిలుస్తారు?

పరిశోధనలు కంప్యూటర్ల పక్షాన ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వడోదరలో నాలుగో తరగతి పిల్లలు ఇద్దరేసి ఒక కంప్యూటర్ దగ్గర కూర్చుని వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడితే గణితంలో గట్టి లాభం కనిపించింది. ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ మెరుగు వచ్చింది. అక్కడి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరినీ వాళ్లున్న మెట్టు దగ్గరే పట్టుకుంది. సగం సమయం ఆ సాఫ్ట్‌వేర్‌కు పోతే, మిగతా సగం చిన్న జట్టుతో కూర్చునే మనిషిది. గుజరాత్‌లో జరిగిన మరో అధ్యయనం అన్నిటికంటే విలువైనది: టీచరు పాఠం తీసేసి ఆ సమయంలో కంప్యూటర్ పెడితే పిల్లల చదువు దిగజారింది, బడి వేళల తర్వాత అదనంగా పెడితే వెనకబడ్డవాళ్లు లాభపడ్డారు. ఇవేవీ నా వాదనకు అడ్డు రావు. ఏత్వం దగ్గర ఆగిన పిల్లాణ్ని ఏత్వం దగ్గరే ఉండనివ్వడం వీధిబడి పలక చేసిన పని. దాన్ని ఇప్పుడు యంత్రం చేస్తే నాకు అభ్యంతరం లేదు. తరగతి మొత్తానికి ఒకే వేగంతో దొర్లే వీడియోను ట్యాబ్‌లో వేసి, దానికి ఈ పరిశోధనలను సాక్ష్యంగా చూపించడమే మోసం.

ఇంకో అభ్యంతరం బరువైనది. సబ్జెక్టు టీచరే లేని బడిలో, రెండు తరగతులకు ఒక్కరే చెప్పే చోట, బయటి నుంచి వచ్చిన మంచి పాఠం దిక్కు కాదా? దిక్కే, ఆ ఖాళీ నిండేదాకా. యంత్రం ఖాళీని తాత్కాలికంగా మోయగలదు. యంత్రం వచ్చింది కదా అని పోస్టు భర్తీని వాయిదా వేసిన రోజున అది ఖాళీని శాశ్వతం చేస్తుంది. ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ రాసినవాళ్లకు ఈ తేడా తెలుసు. అందుకే నల్లబల్లతోపాటు రెండో టీచరును కూడా పథకంలో పెట్టారు.

వచ్చేసారి బడులకు కొనుగోలు టెండరు రాసే అధికారులకు ఒక్క విన్నపం. తెర కొలత, ర్యామ్ ఎంతో రాసే పేజీలో ఇంకో షరతు చేర్చండి: తెలుగు మీడియం టీచరు తన చేత్తో ఆపగల, మార్చగల, కొత్తగా చేర్చగల పాఠం లేకపోతే, కంపెనీ పోయినా మిగిలే పాఠం కాకపోతే, ఆ సరుకు మాకు వద్దు.